గచ్చు పగలగొట్టే ముందు

గుంటూరు,
కార్తీక మాసం.

చి. ల. సౌ. బుజ్జికి,

పిన్ని దీవించి రాసేది.

ఇంట్లో నేల మార్పిద్దామనుకుంటున్నామనీ, షాపులో చదరపు అడుగు 60 రూపాయల టైలు నచ్చిందనీ మొన్న ఫోన్‌లో చెప్పావు. "ఆరొందల అడుగులు పిన్నీ, 36 వేలు. కూలీ ఒక 20 వేలు వేసుకున్నా 56 వేలు. చీటీ డబ్బులు 80 వేలు ఉన్నాయి, మిగిలిన దాంతో కర్టెన్లు కూడా మార్చేస్తాం" అన్నావు. నీ ఉత్సాహం చూస్తే ముచ్చటేసింది, ఆ లెక్క వింటే మాత్రం భయమేసింది. ఫోన్‌లో చెబితే అంకెలు ఈ చెవిన పడి ఆ చెవిన పోతాయి. కాగితం మీద ఉంటే నువ్వూ అల్లుడూ కూర్చుని పక్కన మీ అంకెలు వేసుకోవచ్చు, అందుకే రాస్తున్నాను. మీ బాబాయి కాంట్రాక్టు పనులు చేయించినన్నాళ్లూ కొలతల పుస్తకమూ, కూలీల చిట్టా రాసింది నేనే. ఈ విషయంలో నా మాట కాస్త నమ్మవచ్చు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. నేల ఖర్చులో టైలు ధర ఇంచుమించు సగమే. మిగతా సగం టైలు కిందా, టైలు చుట్టూ, టైలు ఇంటికి రాకముందూ ఉంటుంది. ఆ సగం కాగితం మీద తేలాకే మళ్లీ షాపు గడప తొక్కు. షాపుకు వెళ్లేది టైలు ఎంచుకోవడానికి. ఎంత ఖర్చు పెట్టాలన్నది ఇంట్లో తేలాలి.

ముందు కొలత సంగతి. నువ్వు చెప్పిన గదులు వేసి చూశాను. హాలు 12 బై 18, అంటే 216. పడక గదులు రెండూ 11 బై 12, కలిపి 264. వంటిల్లు 80, నడవా 40. మొత్తం 600 చదరపు అడుగులు, నీ లెక్క సరిగ్గానే ఉంది. కానీ అది నేల మాత్రమే. గోడ అడుగున నాలుగు అంగుళాల స్కర్టింగ్ కూడా ఆ టైలుతోనే కోస్తారు. గదుల చుట్టుకొలతలు కలిపి, గుమ్మాలు తీసేస్తే దాదాపు 180 అడుగుల పొడవు వస్తుంది. నాలుగు అంగుళాలంటే అడుగులో మూడో వంతు కాబట్టి ఇక్కడే 60 చదరపు అడుగులు పెరిగాయి. మూలల్లో కోతకీ, పగుళ్లకీ ఏడు శాతం వేసుకో. ఐమూలగా పరిపించాలనుకుంటే పది నుంచి పదిహేను శాతం పోతుంది, ఆ సరదా ఇప్పుడొద్దు. అంతా కలిపి 706 అడుగులు. టైలు విడిగా అమ్మరు, పెట్టెల్లో ఇస్తారు. రెండడుగుల టైలు పెట్టెలో నాలుగుంటాయి, అవి 15.5 చదరపు అడుగులు కప్పుతాయి. అంటే నీకు 46 పెట్టెలు, 713 చదరపు అడుగుల సరుకు కావాలి.

ఇప్పుడు చిట్టా చూడు. రేట్లు నేను లెక్క కోసం వేసినవి. మీ ఊళ్లో కనుక్కుని దిద్దుకో.

టైల్స్ 713 అడుగులు, 60 చొప్పున: 42,780
దాని మీద జీఎస్టీ 18 శాతం: 7,700
రవాణా, దింపుడు కూలీ: 3,000
పాత నేల పగలగొట్టడం, అడుగుకు 12 చొప్పున: 7,200
పగిలిన ముక్కలు, మట్టి ఎత్తివేత, మూడు ట్రాక్టర్లు: 4,500
సిమెంటు 18 బస్తాలు, 380 చొప్పున: 6,840
ఇసుక: 6,000
టైలు పరిచే కూలీ, అడుగుకు 30 చొప్పున: 18,000
స్కర్టింగ్ కూలీ 180 అడుగులు, 15 చొప్పున: 2,700
సందులు నింపే గ్రౌట్, స్పేసర్లు: 2,500
సామాను జరపడం, చివర్లో శుభ్రం చేయించడం: 3,000

మొత్తం 1,04,220 రూపాయలు. నీ 56 వేలకు దాదాపు రెట్టింపు. ఇందులో దుబారా ఒక్కటీ లేదు, ఏది తీసేసినా పని ఆగుతుంది.

సిమెంటు, ఇసుకల లెక్క ఎలా వచ్చిందో కూడా రాస్తాను, మేస్త్రి ఎక్కువ తెప్పించినా తక్కువ తెప్పించినా నీకు తెలియాలి. టైలు కింద రెండు అంగుళాల మందం మాలు, ఒకటికి ఆరు పాళ్లు. వంద చదరపు అడుగులకు రెండున్నర బస్తాల సిమెంటు, 19 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. టైలు అంటించే సిమెంటు పాలకు ఇంకో అర బస్తా. అంటే వందకు మూడు బస్తాలు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే మాలు మందం పెరుగుతుంది, దాంతోపాటు ఇవీ పెరుగుతాయి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18కి దిగింది. అంతకు ముందు ఇల్లు బాగుచేయించుకున్న వాళ్ల రేటు పట్టుకుని ఎవరైనా అంచనా చెబితే ఇప్పటి ధర అడిగి తెలుసుకో. టైల్స్ మీద మాత్రం 18 శాతమే ఉంది. షాపులో రేటు చెప్పగానే "జీఎస్టీతో కలిపేనా?" అని మొదట అడుగు. ఆ ఒక్క ప్రశ్న మీ లెక్కలో 7,700 అటో ఇటో తేలుస్తుంది.

80 వేలే ఉన్నాయి కదా, ఏం చేయాలంటావు. అప్పు చేయొద్దు. పని తగ్గించు.

పాత నేలను ముందు పరీక్ష చేయండి. మీది మొజాయిక్ నేల. మన వైపు ఒకప్పుడు కట్టిన ఇళ్లలో చాలావాటికి అదే ఉంటుంది. రూపాయి బిళ్ల పట్టుకుని, చెప్పుల్లేకుండా గదిలో అడుగడుక్కీ నేల మీద తట్టుకుంటూ పో. గట్టిగా టక్కుమంటే కింద మాలు పట్టి ఉన్నట్టు. డబడబమని డొల్ల శబ్దం వస్తే అక్కడ విడిపోయినట్టు. డొల్లగా ఉన్న చోటల్లా సుద్దముక్కతో గుండ్రంగా గీత గీయి. హాల్లో వీధి వైపు మూల కుంగి, పగుళ్లు వచ్చాయన్నావు కదా, అక్కడ గీతలు ఎక్కువే పడతాయి. పడక గదుల్లో ఒకటో రెండో పడితే గొప్ప.

గీతలు లేని గదులను ఎందుకు పగలగొట్టాలి? మొజాయిక్ అంటే సిమెంటులో రాతి పలుకులు కలిపి పోసిన నేల. పైపైన అరిగి మసకబారుతుంది గానీ లోపల సరుకు అలాగే ఉంటుంది. మిషన్ పెట్టి సానపట్టిస్తే వెంట్రుకవాసి పొర పోయి, కింది పలుకులు కొత్తవిలా మెరుస్తాయి. సన్నని పగుళ్లుంటే ఆ రంగు కలిపిన సిమెంటుతో ముందు పూడుస్తారు. అడుగుకు 25 అనుకున్నా రెండు పడక గదులకూ 6,600 అవుతుంది. రెండు రోజులు బురద నీళ్లు, ఆ తర్వాత ఇంకేమీ లేదు.

టైలు మీద టైలు పద్ధతి కూడా ఉంది. పాత నేల గట్టిగా ఉంటే దాని మీదే అడెసివ్‌తో అంటించేస్తారు. 20 కిలోల బస్తా నలభై, యాభై చదరపు అడుగులకు వస్తుంది. పగలగొట్టే కూలీ, ట్రాక్టర్లు, ఇసుక అన్నీ మిగులుతాయి. కానీ నేల అర అంగుళం లేస్తుంది, తలుపులన్నీ అడుగున కోయించాలి, బాత్‌రూమ్ గుమ్మం దగ్గర ఎత్తు తేడా మళ్లీ చూసుకోవాలి. కుంగిన నేల మీద మాత్రం ఈ పద్ధతి అసలు పనికిరాదు. కింద కుంగేది ఆగదు, పైన కొత్త టైలు కూడా పగులుతుంది. కాబట్టి మీ హాలును పగలగొట్టాల్సిందే.

హాలు, నడవా, వంటిల్లు పగలగొట్టి టైల్స్ వేయించు, పడక గదులకు సానపట్టించు. ఇలా లెక్క వేశాను. 336 చదరపు అడుగులకు స్కర్టింగ్, తరుగు కలిపి 26 పెట్టెలు, అంటే 403 అడుగుల సరుకు. పన్ను, కూలీ, సిమెంటు, ట్రాక్టర్లు, పడక గదుల సాన అన్నీ కలిపి 66,500 దగ్గర తేలింది. దాని మీద 15 శాతం, అంటే పదివేలు చేతి నిల్వ పెట్టుకో. 76,500. మీ 80 వేలల్లో ఇంకో 3,500 మిగిలింది.

ఆ పదివేలు దేనికంటే, కుంగిన మూల కింద ఏముందో పగలగొడితే గానీ తెలియదు. పునాదుల మధ్య పోసిన మట్టి సరిగ్గా దిగ్గొట్టకపోతే ఏళ్లు గడిచాక ఇలా జారుతుంది, నల్లరేగడి నేలల్లో ఇంకా ఎక్కువ. అప్పుడు మెత్తని మట్టి తీసేయించి, గ్రావెల్ పోయించి, నీళ్లు పట్టి దిమ్మిసతో కొట్టించి, పైన కాంక్రీటు బెడ్ వేయించాకే టైలు. పైపు చెమ్మ కనబడినా ఆ డబ్బే ఆదుకుంటుంది. కర్టెన్లకని అందులోంచి ముట్టుకోవద్దు. పని పూర్తయ్యాక మిగిలితే సంతోషంగా కొనుక్కో.

ఇక నా మనసులో ఉన్న ముఖ్యమైన మాట. మీ అత్తగారి గదికి ఆనుకున్న బాత్‌రూమ్ సంగతి నువ్వు అసలు ఎత్తలేదు. ఆవిడ పొద్దున్నే తలస్నానం చేసి, తడి కాళ్లతో దేవుడి గూటి దగ్గరికి నడుస్తారు. ఆ నున్నటి నేల మీద నాకే కాలు జారబోయింది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, మంచం, మనిషి చూస్తుండగానే కుంగిపోవడం. డబ్బుతో తూచలేని కష్టం అది. హాలు, నడవా, వంటిల్లు మూడింటికీ 60 రూపాయల టైలుకు బదులు 50ది తీసుకుంటే 403 అడుగుల మీద, పన్నుతో కలిపి, 4,700 పైన మిగులుతుంది. దానికి ఆ 3,500 కలుపు. 35 చదరపు అడుగుల బాత్‌రూమ్ నేల తీయించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, గరుకు టైలు వేయించడానికి ఆ డబ్బే పునాది. చాలకపోతే హాలు టైలులో ఇంకో ఐదు తగ్గించు. హాలు చూసేది చుట్టాలు, బాత్‌రూమ్‌లో రోజూ కాలు పెట్టేది మీ అత్తగారు. వేసే ముందు టైలు మీద చెంబుడు నీళ్లు పోసి, దాని మీద నువ్వే వట్టి కాళ్లతో నిలబడి చూడు. పరిచాక ఇంకో బక్కెట్ పోసి చూడు. నీళ్లన్నీ మూలన ఆగకుండా జాలీ వైపు పారాలి. వాటం లేకపోతే అప్పుడే విప్పించు, సిమెంటు ఆరాక ఎవరూ విప్పరు.

టైలు ఎంపికలో రెండు మూడు మాటలు. మనకొచ్చే విట్రిఫైడ్ టైల్స్‌లో ఎక్కువ భాగం గుజరాత్ మోర్బీలో తయారయ్యేవే. కాబట్టి పేరు కంటే పెట్టె మీద రాసింది చూడు. డబుల్ చార్జ్ అంటే పై రంగు పొర మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, కుర్చీలు లాగినా గీత కింద వేరే రంగు బయటపడదు. జీవీటీ అంటే పైన బొమ్మ అచ్చువేసి గ్లేజ్ పట్టించినది, అందంగా ఉంటుంది గానీ గీతలు తొందరగా కనిపిస్తాయి. మీ హాల్లో పిల్లల సైకిలు తిరుగుతుంది కాబట్టి మొదటిదే మంచిది. అన్ని పెట్టెల మీదా షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఒకటేనా అని దింపేటప్పుడే చూసుకో. వేరే బ్యాచ్ కలిస్తే ఎండ పడినప్పుడు గది మధ్యలో రంగు మారినట్టు తెలుస్తుంది. విట్రిఫైడ్ టైలు నీళ్లు దాదాపు పీల్చదు, అందుకే వట్టి సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టవు. నడక ఎక్కువుండే నడవాలో, వంటింట్లో అడెసివ్ వాడమను. ఒక పెట్టె అటక మీద దాచు. రెండేళ్ల తర్వాత అదే డిజైన్ దొరకదు.

వరండాకి కూడా టైల్సే వేయాలా అని అడిగావు. అక్కర్లేదు. మన నేలలో పుట్టిన రాయి ఉంది కదా. తాండూరు, బేతంచెర్ల, మాచర్ల నాపరాళ్లు, కడప నల్లరాయి మన ఇళ్లలో తరాలుగా అరుగుల మీదా, పెరళ్లలోనూ ఉన్నాయి. సానపట్టని గరుకు రాయి తడిలోనూ జారదు, ఎండకీ వానకీ నిలుస్తుంది. అవి సున్నపురాళ్లు కాబట్టి పులుపుకి మాత్రం లొంగుతాయి. సానపట్టిన ముక్క మీద నిమ్మచెక్క రుద్ది కాసేపు ఉంచితే ఆ మేర మెరుపు పోతుంది, వంటింట్లో చింతపండు రసం చిందినా అంతే. అందుకే వంటగట్టుకు గ్రానైటు. చీమకుర్తి నల్ల గెలాక్సీ, కరీంనగర్ గోధుమరంగు రాయి పులుపుకి చెక్కుచెదరవు. ఇవన్నీ వచ్చే ఏడాది చీటీకి పెట్టుకో, ఇప్పుడు కాదు.

మేస్త్రితో నోటి మాట మీద పోవద్దు. చదరపు అడుగు కూలీలో స్కర్టింగ్ ఉందా, కోతలు ఉన్నాయా, గ్రౌట్ నింపడం ఉందా, పాత ముక్కలు వీధి దాకా మోయడం ఎవరి పని, ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. డబ్బు గది గదికీ ఇవ్వు. మొదట కొంత అడ్వాన్సు, ఒక గది పూర్తయ్యాక ఆ గదిది. చివరి పదోవంతు మాత్రం పని అయిన వారం తర్వాత, మళ్లీ రూపాయి బిళ్లతో తట్టి చూశాక ఇవ్వు. మేస్త్రిని అనుమానించమని కాదు. మంచి మేస్త్రికి రాతపూర్వకంగా ఉంటే సంతోషమే, రేపు ఎవరూ ఆయన్ని మాట అనరు. మోకాళ్ల మీద కూర్చుని పనిచేసేవాళ్లకు చెప్పిన రోజున చెప్పిన డబ్బు చేతిలో పెట్టు, టీ, మజ్జిగ లోటు రానీకు. షాపువాడి దగ్గర జీఎస్టీ బిల్లు తీసుకుని, విప్పని పెట్టెలు ఎన్ని రోజుల్లోపు వాపసు తీసుకుంటాడో బిల్లు వెనక రాయించు.

షాపులో వాయిదాల మీద ఇస్తామంటారు, వడ్డీ లేదంటారు. ప్రాసెసింగ్ చార్జీ ఎంత, ఒక వాయిదా తప్పితే ఏమవుతుంది అని అడుగు. పైగా వాయిదా అనగానే మనిషి 60 టైలు నుంచి 90 టైలుకు ఎక్కేస్తాడు. నీ బంగారం తాకట్టు పెట్టే మాట ఎవరెత్తినా ఒప్పుకోకు. పిల్లల ఫీజులు, ఆసుపత్రి అవసరం వీటికి ఉంచిన డబ్బు నేలలో పోయకూడదు.

సంక్రాంతి లోపు అయిపోవాలన్నావు. ఆ తొందర వద్దమ్మా. పండగ ముందు ఊళ్లో అందరూ సున్నాలు, మరమ్మతులు పెట్టుకుంటారు. మేస్త్రి ఇటు ఒక పూట, అటు ఒక పూట తిరుగుతాడు, కూలీ రేటు కూడా పెరుగుతుంది. తొందరలో పరిచిన టైలు మీద మర్నాడే మంచం జరిపితే అది అక్కడే కదిలిపోతుంది. పండగ వెళ్లాక మాఘమాసంలో మొదలుపెట్టు. వాన ఉండదు, ఇసుక ఆరి ఉంటుంది. ముందు పడక గదులకు సాన, తర్వాత సామాను అక్కడికి చేర్చి హాలు, చివర వంటిల్లు. వంటిల్లు తీసే నాలుగు రోజులు వరండాలో గ్యాస్ పొయ్యి పెట్టుకో. రోజూ బయట భోజనం తెప్పించుకుంటే ఆ ఖర్చు చిట్టాలో రాయకపోయినా జేబులోంచే పోతుంది.

ఈ ఆదివారం అల్లుడూ నువ్వూ టేపు, సుద్దముక్క, రూపాయి బిళ్ల పట్టుకుని గదులన్నీ తిరగండి. డొల్లగా ఉన్నచోట్ల కొలతలు రాసి, ఇద్దరు మేస్త్రీలను పిలిచి వేరువేరుగా రేటు అడగండి. నేను రాసిన చిట్టా పక్కన మీ అంకెలు వేసి నాకు పంపు. మొత్తం 80 వేలు దాటితే ఏ గది వచ్చే ఏడాదికి ఆపాలో కలిసి తేల్చుకుందాం. నీ సంపాదనలోంచి ఒక్కో నెలా దాచి కట్టిన చీటీ అది. ఒక్క రూపాయి కూడా తెలియకుండా పోకూడదని నా ఆరాటం.

మీ అత్తగారికి, మామగారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు.

దీవెనలతో,
మీ పిన్ని